చుక్కకూ చుక్కకూ మధ్య

గద్వాలలో జకార్డు చీర అంచు మగ్గం మీదికి వచ్చేముందు గళ్ల కాగితం మీదికి వస్తుంది. అడ్డంగా ఉన్న గళ్లు పడుగు పోగులకు లెక్క, నిలువుగా ఉన్నవి పేకకు లెక్క. డిజైను గీసేవాళ్లు ఏ గడి నింపాలో, ఏది వదలాలో తేల్చుతారు. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీది జకార్డు యంత్రంలో తిరుగుతూ ఏ పోగు లేవాలో మగ్గానికి చెబుతాయి. బడిలో ఎక్స్ అక్షం, వై అక్షం అని పిలిచేవాటిని ఇక్కడి నేతగాళ్లు పడుగు, పేక అంటారు.

ఈ చీరల్లో పేరుపడ్డ కోటకొమ్మ అంచునే చూడండి. దూరం నుంచి నున్నని త్రికోణాల వరుసలా కనిపిస్తుంది. కంటికి దగ్గరగా పెట్టుకుంటే ఏటవాలు గీత అనుకున్నదంతా మెట్లే. ఇన్ని పోగులు పక్కకు, ఇన్ని పేకలు పైకి అన్న లెక్క మారనంత కాలం ఆ వాలూ మారదు. రేఖీయ సమీకరణం గుట్టు మొత్తం ఇదే. అయితే ఒక్క తేడా ఉంది. బట్టలో పోగుకూ పోగుకూ మధ్య ఇంకేమీ లేదు, సగం పోగు అనేది ఉండదు. గణితంలో గీసే గీతకు మాత్రం రెండు చుక్కల మధ్య కూడా ప్రాణం ఉంటుంది.

పదో తరగతి పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

బహుపదుల పాఠంలో తరచూ కనిపించే ఎక్స్ స్క్వేర్ మైనస్ 3ఎక్స్ మైనస్ 4 తీసుకుందాం. ఎక్స్‌కు మైనస్ 2 నుంచి 5 దాకా విలువలిస్తే వై విలువలు వరుసగా 6, 0, -4, -6, -6, -4, 0, 6 వస్తాయి. (మైనస్ 2ను వర్గం చేసి మైనస్ 4 అని రాసేసేవాళ్లకు మొదటి చుక్కే తప్పిపోతుంది, అది వేరే కథ.) ఎక్స్ విలువ 1 దగ్గర -6, 2 దగ్గరా -6. స్కేలు చేతిలో ఉంది కాబట్టి ఆ రెండు చుక్కల మధ్య అడ్డంగా ఒక గీత పడిపోతుంది. పరావలయం అడుగు తపేలా అడుగులా చదునైపోతుంది. నిజానికి వక్రం ఆ రెండింటి మధ్య ఇంకా కిందికి దిగాలి. ఒకటిన్నర దగ్గర వై విలువ -6.25. అదే శీర్షం. పట్టికలో లేని ఆ చుక్కే మొత్తం గ్రాఫుకు ముఖ్యమైన చుక్క. పట్టిక సరిగ్గా నింపిన పిల్లవాడికి కూడా అది దొరక్కపోతే, తప్పు అతనిది మాత్రమే కాదు. చుక్కలు కలపమని చెప్పి, మధ్యలో ఏముందో అడగకుండా వదిలేసిన పాఠానిది కూడా.

వనపర్తిలో సంస్థానాధీశుల రాజభవనంలోనే 1959లో మొదలైన పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ డ్రాయింగు నేర్చుకునే డిప్లొమా విద్యార్థులకు ఇలాంటి వంపు గీతల కోసం ఫ్రెంచ్ కర్వ్ అనే పరికరం ఉంటుంది. పదో తరగతి కంపాస్ పెట్టెలో అలాంటిదేమీ ఉండదు. అక్కడ వంపును చెయ్యే నేర్చుకోవాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న విడివిడి జిల్లాలయ్యాయి. అంతకుముందు మూడూ ఉమ్మడి పాలమూరులోవే. ఇక్కడి ఇళ్లలో వానాకాలం వచ్చిందంటే పేపర్లో ముందు చూసేది జూరాల జలాశయం నీటిమట్టం. ఇన్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులు, అవుట్‌ఫ్లో ఎన్ని, నిల్వ ఎన్ని టీఎంసీలు. గ్రాఫు గీయడానికి ఇంతకన్నా మంచి సరుకు ఏ పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది? 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా నిలకడగా వస్తే ఒక టీఎంసీ. జలాశయంలో 4 టీఎంసీలు ఉన్న రోజు నుంచి, వచ్చేదానిలో పోయేది తీసేయగా రోజుకు ఒక టీఎంసీ నిలిచిందనుకుంటే, ఎక్స్ రోజుల తర్వాత నిల్వ ఎక్స్ ప్లస్ 4. అయిదో రోజుకు 9. పూర్తి నిల్వ 9.657 టీఎంసీలు కాబట్టి ఆ గీత ఎక్కువ దూరం పోలేదు, ఆరో రోజు నిండకముందే గేట్లు ఎత్తాల్సిందే. వచ్చేదానికన్నా వదిలేది ఎక్కువైతే వాలు రుణాత్మకం, గీత కిందికి దిగుతుంది. కర్ణాటక నుంచి వరద గంటగంటకూ పెరుగుతుంటే అసలు గీత సరళరేఖగానే ఉండదు.

ఇక వర్గ సమీకరణం. దాన్ని చూడాలంటే నాగర్‌కర్నూలు వైపు ఏదైనా బోరు దగ్గరికి వెళ్లాలి.

బోరు వేసిన రోజు ఊళ్లో అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని ఇంచులు వడ్డయి?" ఇంచున్నర, రెండించులు అన్న ఆ మాట చాలాసార్లు కంటి అంచనాయే. కానీ పైపు అడ్డంగా, సమంగా ఉండి నిండుగా పోస్తుంటే ధార వంపును కొలిచి నీటి లెక్క కట్టే పద్ధతి ఇంజినీర్లకు ఉంది. నీరు పైపు నుంచి ముందుకు ఒకే వేగంతో దూకుతుంది, కిందికి మాత్రం క్షణక్షణానికీ వేగం పెంచుకుంటూ పడుతుంది. పడిన లోతు ముందుకు పోయిన దూరపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అలా పడే వస్తువు దారి పరావలయమని గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో నిరూపించాడు. నీటి ధార వంటి చిన్న దూరాల్లో గాలి అడ్డు లెక్కలోకి రానంత స్వల్పం.

సెకనుకు 2 మీటర్ల వేగంతో వచ్చే ధార పైపు మూతి నుంచి 20 సెంటీమీటర్లు ముందుకు పోయేసరికి సుమారు 5 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 40 పోయేసరికి 20 దిగుతుంది. 60కి 45. దూరం రెట్టింపైతే లోతు నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. సమీకరణంగా రాస్తే వై ఈక్వల్ టు మైనస్ ఎక్స్ స్క్వేర్ బై 80. శీర్షం పైపు మూతి దగ్గరే. రెండించుల పైపు అయితే ఈ ధార సెకనుకు సుమారు 4 లీటర్లు పోస్తున్నట్టు. పొలం గట్టు మీద నిలబడి ఒక టేపుతో కట్టగల లెక్క ఇది.

ధార వెనక ఒక అట్ట పట్టుకుని 20 దగ్గర, 40 దగ్గర చుక్కలు పెట్టి, ఆ రెండింటినీ స్కేలుతో కలపమనండి. సరిగ్గా మధ్యన, 30 సెంటీమీటర్ల దగ్గర, ఆ గీత పన్నెండున్నర సెంటీమీటర్ల లోతులో ఉంటుంది. నీళ్లు మాత్రం గీతకు పైన, పదకొండుంపావు దగ్గర నుంచే పోతుంటాయి.