నీళ్లు ముందు, గుడ్డ తర్వాత
కారు రంగుకు పొడితుడుపే మొదటి శత్రువు

ఒంగోలు: పొద్దున్నే కారు చుట్టూ తిరిగి, భుజం మీది తువ్వాలుతో బానెట్ మీది దుమ్ము తుడవడం పల్లెల్లో చాలామందికి అలవాటు. బండి మీద శ్రద్ధకొద్దీ చేసే ఈ పనే దాని రంగును అన్నిటికంటే ముందు పాడుచేస్తుంది. రెండు మూడేళ్లు తిరిగేసరికి నల్లకారు బూడిదరంగుకు దిగుతుంది. ఎండలో నిలబెట్టి చూస్తే సాలీడు అల్లినట్టు సన్నని గీతలు వలయాలుగా కనిపిస్తాయి. అవన్నీ తుడుపుతో పడినవే.

పెళ్లిళ్లకు, ఆసుపత్రి ప్రయాణాలకు కారు కిరాయికి తిప్పి బతికేవారు ఇప్పుడు ఊరికి ఒకరిద్దరైనా ఉన్నారు. పాతకారు కొనేవాడు ఇంజను కంటే ముందు రంగు చూస్తాడు. రంగు వెలిసిన బండికి బేరం తగ్గుతుంది. మళ్లీ రంగు వేయిస్తే సరిపోతుంది కదా అనుకుంటే పొరపాటు. ఫ్యాక్టరీలో పైపూతను దాదాపు 140 డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపరుస్తారు. తయారైన కారును షెడ్డులో అంత వేడికి గురిచేయడం కుదరదు. లోపలి ప్లాస్టిక్, రబ్బరు, వైర్లు పాడవుతాయి. అందుకే బండితో వచ్చిన అసలు రంగును కాపాడుకోవడమే లాభం. ఆ పని ఇంటిదగ్గరే, రెండు బకెట్లతో చేసుకోవచ్చు.

రంగు మందం ఎంత?

కారు రేకు మీద ఒకదానిపై ఒకటి నాలుగు పూతలు ఉంటాయి. తుప్పు పట్టకుండా ఒకటి, దానిపై ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన గాజులా కనిపించే క్లియర్ కోటు. ఇవన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే కొంచెం ఎక్కువ. మెరుపునిచ్చే క్లియర్ కోటు ఒక్కటీ 40, 50 మైక్రాన్లు ఉంటుంది. మిల్లీమీటరుకు వెయ్యి మైక్రాన్లు. అంటే తలవెంట్రుక కంటే సన్నని పొర అది.

మన దుమ్ములో ఉండేది ఎక్కువగా ఇసుక, రాతిపొడి. ఇసుకరవ్వ గాజును సైతం గీస్తుంది. అది బానెట్ మీద ఉండగా పొడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో తోమినట్టే. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలో తిరిగే బండ్ల మీద సన్నని రాతిపొడి పేరుకుంటుంది. దాన్ని పొడిగా అసలు ముట్టుకోరాదు. కొత్తపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి రేకును తినేస్తుంది. అక్కడ బండి అడుగుభాగం, చక్రాల పైనుండే రేకులను కూడా తరచు మంచినీళ్లతో కడగాలి. మెట్ట ప్రాంతాల్లో బోరునీళ్ల బాధ వేరు. ఉప్పు, సున్నం ఎక్కువగా ఉన్న నీళ్లు ఎండలో ఆరితే తెల్లని మచ్చలు మిగులుతాయి. కొన్నాళ్లు వదిలేస్తే ఆ మచ్చలు పూతలోకి దిగుతాయి.

ఏమేం కావాలి?

రెండు బకెట్లు, ఒక మగ్గు, కారు షాంపూ, కడగడానికి కుచ్చుల చేతితొడుగు లేదా మెత్తని స్పాంజి, ఆరబెట్టడానికి రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, చక్రాలకు విడిగా ఒక పాతగుడ్డ, చిన్న బ్రష్షు. ఇంతే. మైక్రోఫైబర్ దొరక్కపోతే బాగా ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ వాడవచ్చు. గుండీలు, కుట్లు, జరీ అంచులు ఉన్న పాతబట్టలు పనికిరావు.

బట్టల సబ్బుపొడి, గిన్నెలు తోమే సబ్బు వాడరాదు. జిడ్డును లాగేసే ఆ సబ్బులు వ్యాక్స్ పూతను కూడా తీసుకుపోతాయి. కిరసనాయిలు, డీజిలు గుడ్డతో బండి మొత్తం తుడిస్తే అప్పటికప్పుడు నిగనిగలాడుతుంది. కానీ ఆ జిడ్డుకు మరుసటి రోజే రెట్టింపు దుమ్ము పడుతుంది. రబ్బరు పట్టీలు ఉబ్బి చెడిపోతాయి. ఇత్తడి బిందెకు పనికొచ్చే చింతపండు, పీచు కారుకు పనికిరావు.

కడిగే వరుస

బండిని నీడలో నిలపాలి. ఇప్పుడే తిరిగి వచ్చినదైతే ఇంజను చల్లారనివ్వాలి. బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఉంచలేకపోతే అప్పుడు కడగరాదు. వేడిరేకు మీద సబ్బునీరు క్షణాల్లో ఆరి మరకలు కడుతుంది. ఉదయం ఎనిమిది లోపు, లేదా పొద్దువాలాక అనువైన వేళ.

మొదట చక్రాలు. వాటికి బ్రేకుల నుంచి రాలే ఇనుపపొడి అంటి ఉంటుంది. చక్రాలు తుడిచిన గుడ్డను మళ్లీ ఒంటిరంగు మీద పెట్టరాదు. చక్రాల పని ముగిశాక బండి మొత్తం మీద పైనుంచి కిందికి ధారాళంగా నీళ్లు పోయాలి. ఈ దశలో చెయ్యి తగలనక్కర్లేదు. దుమ్ము, ఇసుక సగానికి పైగా నీళ్లతోనే జారిపోతాయి. మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే.

ఇక ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, మరో బకెట్‌లో ఉత్తనీళ్లు పెట్టుకోవాలి. షాంపూ ఎంత కలపాలో సీసా మీద రాసి ఉంటుంది. పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పైభాగం, చివరగా తలుపుల కిందిభాగం, బంపర్లు. ఇదీ వరుస. అడుగున ఉన్న బురద పైకి రాకూడదు. చెయ్యి గుండ్రంగా తిప్పకుండా తిన్నగా, ఒత్తకుండా నడపాలి. ఒక భాగం తుడవగానే స్పాంజిని ఉత్తనీళ్ల బకెట్‌లో ముంచి పిండి, ఆ తర్వాతే షాంపూ నీళ్లలో ముంచాలి. పని పూర్తయ్యాక ఉత్తనీళ్ల బకెట్ అడుగున చేరిన ఇసుక చూస్తే రెండో బకెట్ ఎందుకో తెలుస్తుంది. స్పాంజి నేలమీద పడితే శుభ్రంగా కడిగేదాకా మళ్లీ వాడరాదు.

ఒక్కో భాగం రుద్దిన వెంటనే కడగాలి. నురుగు ఆరనివ్వరాదు. చివరి నీళ్లకు వాననీళ్లు పట్టి ఉంచుకుంటే మేలు. వాటిలో ఉప్పు, సున్నం ఉండవు కాబట్టి మచ్చలు పడవు. వెంటనే మైక్రోఫైబర్ గుడ్డ పరిచి, రుద్దకుండా అద్దినట్టు తడి తీయాలి. తలుపులు, డిక్కీ తెరిచి అంచులు కూడా తుడవాలి. తలుపుల అడుగున నీళ్లు కారే చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మట్టితో పూడితే నీళ్లు లోపలే నిలిచి తుప్పు పడుతుంది. వేపచెట్టు, చింతచెట్టు కింద నిలిపే బండ్లకు ముందు అద్దం కింద సందులో ఆకులు చేరతాయి. వాటిని చేత్తో ఏరేయాలి.

ఇంజను మీద నీళ్లు కొట్టరాదు. వైర్లు, బ్యాటరీ ఉన్నచోట తడిగుడ్డతో తుడిచి వదిలేయాలి. విద్యుత్ కార్లను చార్జింగ్‌లో ఉండగా కడగరాదు. కడిగిన తర్వాత రోడ్డెక్కే ముందు కొద్దిదూరం నెమ్మదిగా నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు తొక్కి చూసుకోవాలి. తడిసిన బ్రేకులు మొదట సరిగా పట్టకపోవచ్చు.

మొండి మరకలు

పక్షిరెట్ట, చెట్ల జిగురు రంగును తినేస్తాయి. ఎండకాలంలో రెట్ట ఒక్కరోజు ఉన్నా మచ్చ మిగలవచ్చు. గోకరాదు. తడిగుడ్డ దానిపై ఐదు పది నిమిషాలు వేసి ఉంచితే నాని వచ్చేస్తుంది. రోడ్డు తారు అంటితే ఆ చుక్క మేరకే గుడ్డకు కొద్దిగా కిరసనాయిలు అద్ది తీసి, వెంటనే షాంపూతో కడిగేయాలి. దగ్గర నిప్పు ఉండరాదు. బోరునీళ్ల తెల్లమచ్చలకు వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డతో అద్ది, నిమిషం తర్వాత కడగాలి. అప్పటికీ పోకపోతే అది పాలిష్ చేయాల్సిన మచ్చ.

పాలిష్ వేరు, వ్యాక్స్ వేరు

ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. పాలిష్ తీసేది, వ్యాక్స్ కప్పేది. పాలిష్‌లో కంటికి కనిపించనంత సన్నని గరుకుపొడి ఉంటుంది. అది క్లియర్ కోటును రవ్వంత అరగదీసి గీతల అంచులను సమం చేస్తుంది. అందుకే మెరుపు వస్తుంది. ఆ మెరుపుతో పాటు పూత కూడా కొంత పోతుంది. పూత గాదెలో గింజల వంటిది. తీయడమే గాని మళ్లీ పోయడం ఉండదు. నెలనెలా పాలిష్ పట్టిస్తే నాలుగేళ్లు తిరక్కముందే బానెట్ మీద క్లియర్ కోటు లేచి, పొక్కులు పొక్కులుగా ఊడుతుంది. అప్పుడిక రంగు వేయించడమే దిక్కు.

గీతలు ఎక్కువై కంటికి ఆనినప్పుడే పాలిష్. సాధారణంగా ఏడాదికి ఒకసారికి మించి అక్కర్లేదు. కడిగి, పూర్తిగా ఆరిన బండి మీదనే చేయాలి. ముందు ఎవరికీ కనిపించని మూలన అరచేతి మేర ప్రయత్నించాలి. మెత్తని స్పాంజి మీద రూపాయి బిళ్లంత పాలిష్ తీసుకుని, రెండు జానల మేర చొప్పున, సమంగా ఒత్తుతూ రుద్దాలి. మూలలు, మడతల దగ్గర పూత పలచగా ఉంటుంది కనుక అక్కడ రుద్దరాదు. రబ్బింగ్ కాంపౌండు మరింత గరుకు. కొత్తగా నేర్చేవారు దాని జోలికి, తిరిగే మిషన్ల జోలికి పోకపోవడం మంచిది. గోరు తగిలి ఆగేంత లోతు గీత పాలిష్‌తో పోదు. అక్కడ రేకు కనిపిస్తుంటే ఆలస్యం చేయకుండా టచప్ రంగు పూయాలి. లేకుంటే తుప్పు మొదలవుతుంది.

పాత అంబాసిడర్ల వంటి బండ్లు ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. క్లియర్ కోటు లేని పాతరంగు మీద పాలిష్ రుద్దితే గుడ్డకు రంగు అంటుతుంది. ఎండకు చచ్చిపోయిన పైరంగు అది. కంగారుపడనక్కర్లేదు గాని, అక్కడితో ఆపి వ్యాక్స్ పూయాలి.

వ్యాక్స్ ఎలా?

మంచి వ్యాక్స్‌లలో కార్నాబా మైనం పేరున్నది. బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీస్తారు. 80 డిగ్రీలు దాటితే గాని కరగదు. రసాయనాలతో చేసిన సీలెంట్లు అంతకంటే ఎక్కువకాలం నిలుస్తాయి. ఏది వాడినా పద్ధతి దాదాపు ఒకటే.

నీడలో, చల్లని రేకు మీద, పలచగా పూయాలి. మందంగా పూస్తే ఎక్కువకాలం నిలుస్తుందనుకోవడం అపోహ. ఎక్కువైనది తుడవలేక అవస్థ పడాల్సివస్తుంది. ఒక్కో భాగం పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగాలి. పొగమంచులా తెల్లగా మారాక వేలితో గీసి చూస్తే కింద శుభ్రంగా కనిపించాలి. అప్పుడు శుభ్రమైన పొడిగుడ్డతో మెత్తగా తుడిచేయాలి. పొడిగుడ్డ వాడాల్సింది ఇక్కడే, అదీ కడిగిన బండి మీదనే. నల్లప్లాస్టిక్ భాగాలకు, ముందు అద్దానికి వ్యాక్స్ తగలనీయరాదు. ప్లాస్టిక్ మీద తెల్లచారలు మిగులుతాయి. అద్దం మీద వైపర్లు జిడ్డు పులిమి రాత్రివేళ దారి మసకేస్తుంది. మెరుపులేని మ్యాట్ రంగు బండ్లకు పాలిష్ గాని, ఈ వ్యాక్స్ గాని వాడరాదు. కొత్తగా రంగు వేయించినవారు ఎన్నాళ్లు ఆగి వ్యాక్స్ పూయాలో రంగు వేసిన షెడ్డులోనే అడిగి తెలుసుకోవాలి.

మన ఎండలకు మైనం రెండు నెలలు నిలిస్తే గొప్ప. నీళ్లు చిలకరించినప్పుడు తామరాకు మీదలా ముత్యాలుగా నిలిస్తే పూత ఉన్నట్టు. పలచగా పరుచుకుంటే మళ్లీ పూసే వేళ అయినట్టు.

చెరువులో కడగొద్దు

కారును చెరువుగట్టుకో, కాలువకో తోలుకెళ్లి కడగడం ఇంకా కనిపిస్తోంది. సబ్బు, ఇంజను నూనె, గ్రీజు పశువులు తాగే నీళ్లలో కలుస్తాయి. ఇంటిదగ్గర చెట్ల పాదులకు, బావికి దూరంగా, గట్టినేల మీద కడగాలి. నిమిషానికి 15 లీటర్లు పోసే పైపును 20 నిమిషాలు వదిలితే 300 లీటర్లు పోతాయి. బకెట్లతో అయితే ఐదారు బకెట్లలో పని ముగుస్తుంది. వేసవిలో బోర్లు ఎండే ఊళ్లలో ఈ తేడా చిన్నది కాదు.

పదిహేను రోజులకోసారి కడగడం, రెండు నెలలకోసారి వ్యాక్స్, అవసరమైతేనే ఏడాదికోసారి పాలిష్. ఈ మధ్యలో దుమ్ము పడితే పడనివ్వవచ్చు. ఊరికే ఉన్న దుమ్ము రంగును గీయదు. తుడవక తప్పదనుకుంటే రెండు చెంబుల నీళ్లు పోసి, అప్పుడు గుడ్డ తీయాలి.