వోల్టేజి, విద్యుత్ ప్రవాహాల నుండి నిరోధం, సామర్థ్యాల గణన: పెద్దవంగర వ్యవసాయ పంపుసెట్ల నేపథ్యం

వ్యాససంగ్రహం

వోల్టేజి, విద్యుత్ ప్రవాహాల విలువలు తెలిస్తే నిరోధాన్నీ, సామర్థ్యాన్నీ కనుగొనవచ్చుననేది పాఠశాలలో నేర్చే సూత్రం. మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర వంటి బోరుబావుల వ్యవసాయ ప్రాంతంలో దీనిని మోటారుకు యథాతథంగా వర్తింపజేస్తే ఫలితం ఎందుకు తప్పుతుందో, దానిని ఎట్లా సవరించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

1. సూత్రాల పరిధి

1827లో గియోర్గ్ ఓమ్ ప్రకటించిన నియమం ప్రకారం వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే నిరోధం వస్తుంది. ఆ రెంటినీ గుణిస్తే సామర్థ్యం వస్తుంది. 230 వోల్టుల వద్ద 4.35 ఆంపియర్లు తీసుకునే నీళ్ల హీటరు నిరోధం సుమారు 52.9 ఓములు, సామర్థ్యం 1000 వాట్లు. వోల్టేజి 180కి పడిపోతే ప్రవాహం 3.4 ఆంపియర్లకు, సామర్థ్యం 612 వాట్లకు తగ్గుతాయి. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి. పరికరానికి హాని లేదు.

2. మోటారు విషయంలో భేదం

త్రీఫేజ్ మోటారులో వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే లభించేది వైండింగ్ నిరోధం కాదు. ప్రేరకత్వం, యాంత్రిక భారం కూడా కలిసిన ఇంపీడెన్స్. వైండింగ్ నిరోధాన్ని సరఫరా నిలిపివేసి, ఏకముఖ విద్యుత్తుతో విడిగా కొలవాలి. సామర్థ్యానికి లైన్ వోల్టేజి, ప్రవాహం, పవర్ ఫ్యాక్టర్‌ల లబ్ధాన్ని 1.732తో గుణించాలి.

ఉదాహరణకు, 5 హెచ్‌పీ మోటారు ఇవ్వవలసిన సామర్థ్యం 3730 వాట్లు. దక్షత 75 శాతం అనుకుంటే అది తీసుకునేది 4973 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే 415 వోల్టుల వద్ద ప్రవాహం 8.65 ఆంపియర్లు.

3. లో వోల్టేజి పరిణామం

యాసంగిలో మోటార్లన్నీ ఒకేసారి నడిచి వోల్టేజి 340కి పడిపోయిందనుకుందాం. పంపు వేగం పెద్దగా మారదు. కనుక మోటారు దాదాపు అంతే సామర్థ్యాన్ని కోరుతుంది. దక్షత, పవర్ ఫ్యాక్టర్ మారలేదనుకుంటే ప్రవాహం 10.56 ఆంపియర్లకు, అంటే 1.22 రెట్లకు పెరుగుతుంది. 1841లో జౌల్ నిరూపించినట్లు ఉష్ణం ప్రవాహ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక వైండింగ్‌లో వేడి 1.49 రెట్లవుతుంది. హీటరులో ప్రవాహం తగ్గించిన లో వోల్టేజియే మోటారులో దానిని పెంచి వైండింగ్‌ను కాల్చివేస్తుంది.

4. సర్వీసు వైరు పాత్ర

300 మీటర్ల పొడవు, 6 చదరపు మిల్లీమీటర్ల మందం గల అల్యూమినియం తీగ నిరోధం 1.41 ఓములు. 8.65 ఆంపియర్ల వద్ద మోటారును చేరేలోగా సుమారు 17 వోల్టులు తగ్గుతాయి. మూడు తీగలలో కలిపి 316 వాట్లు వేడిగా వృథా అవుతాయి. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే ఈ నష్టాలు సుమారు 6 వోల్టులకు, 119 వాట్లకు పరిమితమవుతాయి.

5. వినియోగపు లెక్క

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ సరఫరా ఆరంభమైంది. మీటరు లేని సర్వీసుల వినియోగాన్ని అంచనా వేయక తప్పదు. పై మోటారుకు పవర్ ఫ్యాక్టర్‌ను విస్మరిస్తే 4973 వాట్లకు బదులు సుమారు 6217 వస్తుంది. ఇది 25 శాతం అధికం.

ముగింపు

రెండు కొలతలు గణనకు ఆధారమే గాని, పరికర స్వభావం తెలియనిదే అవి సంపూర్ణం కావు. పవర్ ఫ్యాక్టర్‌ను కూడా కొలవడం, వైండింగ్ నిరోధాన్ని విడిగా నిర్ధారించడం, తగిన మందం గల తీగనూ కెపాసిటరునూ అమర్చడం వల్ల లెక్క సరిపడుతుంది, రైతు మోటారు కాలిపోయే ప్రమాదమూ తగ్గుతుంది.