స్టీరింగులో అంగుళం ప్లే

పాత ఫోర్డ్ మస్టాంగ్ కొనబోయేవాళ్ళు బానెట్టు ఎత్తకముందే ఒక పని చేస్తారు. ఇంజను ఆపి ఉండగా, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగును మెల్లగా అటూ ఇటూ కదుపుతారు. ముందు చక్రాలు కదలవు, స్టీరింగు మాత్రం అంగుళం కదులుతుంది. కొన్ని బళ్ళలో రెండంగుళాలు. మన మెకానిక్కులు దీన్నే ‘ప్లే’ అంటారు. అమెరికాలో అరవై ఏళ్ళ నాటి ఈ కార్లను ఇంటి గరాజులో పెట్టుకుని బాగుచేసుకునేవాళ్ళ శని ఆదివారాలు ఎన్నో ఈ అంగుళం వెనకాలే పోతాయి.

ఆ అంగుళం లెక్క తేలిస్తే గాని వాళ్ళ బాధ అర్థం కాదు. 1965 మోడల్ స్టీరింగు అడ్డంగా సుమారు 16 అంగుళాలు. అంచు చుట్టుకొలత యాభై. అందులో అంగుళం అంటే ఏడు డిగ్రీలు. కింద గేరుపెట్టె ఆ తిప్పుడును పంతొమ్మిదో వంతుకు తగ్గిస్తుంది, అంటే బయటికొచ్చేది డిగ్రీలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. పెట్టె అడుగున వేలాడే పిట్‌మన్ ఆర్మ్ పొడవు అయిదంగుళాలు అనుకుంటే, దాని కొస కదిలేది మిల్లీమీటరు కూడా కాదు. చేతికి అంత పెద్దగా తగిలే లూజు కింద మిల్లీమీటరులోపు అరుగుదల అన్నమాట. అదీ ఒకచోట లేదు. గేరుపెట్టెలో కాస్త, అవతలి పక్క పిట్‌మన్ ఆర్మ్‌కు జోడీగా ఊగే ఐడ్లర్ ఆర్మ్‌లో కాస్త, చక్రాలను తిప్పే కడ్డీల కొసల కీళ్ళు, అంటే నాలుగు టై రాడ్ ఎండ్లలో తలా కాస్త. మిల్లీమీటరులో సుమారు పదో వంతు చొప్పున చందాలు వేసుకున్నట్టు అన్నీ కలిసి పోగుచేసిన అంగుళమది. ఒక్క భాగం మార్చి స్టీరింగు పట్టుకుంటే తేడా ఏమీ తెలియకపోవడానికి కారణం అదే.

మస్టాంగ్‌ను ‘మజిల్ కారు’ అంటే ఒప్పుకోని పెద్దలున్నారు. వాళ్ళ లెక్కలో ఆ పేరు 1964లో 389 ఘనపు అంగుళాల ఇంజనుతో వచ్చిన పోంటియాక్ జీటీవో లాంటి వాటిదే. మస్టాంగ్‌ది ‘పోనీ కారు’ కులం. ఆ పట్టింపును పక్కన పెడుతున్నాను. వి8 ఇంజను పెట్టుకున్న మస్టాంగ్ స్టీరింగు కథలో ఆనాటి అమెరికా కార్ల కష్టాలన్నీ ఉన్నాయి.

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఈ కారును జనానికి చూపించారు. మొదలు ధర 2,368 డాలర్లు. ఏడాదిలో నాలుగు లక్షల పైచిలుకు అమ్ముడుపోయాయి. ఆ ధరకు ఇవ్వగలగడంలో కిటుకు, కారు కింది భాగాలను చాలామటుకు ఫాల్కన్ నుంచి తెచ్చుకోవడం. ఫాల్కన్ అంటే 1960 మోడల్‌గా, 90 హార్స్‌పవర్ ఇంజనుతో మొదలైన పొదుపు బండి. అదే వంశం స్టీరింగు మీద ఫోర్డ్ 271 హార్స్‌పవర్ ఇంజను దాకా ఎక్కించింది. పోస్టర్లకీ పాటలకీ ఎక్కింది ఇంజనే. స్టీరింగు పెట్టె గురించి ఎవడు పాడతాడు?

ఆ పెట్టె మాత్రం తీసిపారేసే వస్తువు కాదు. తొలినాటి కార్లలో స్టీరింగు కడ్డీ చివర మర చుట్లుండేవి, వాటికి పళ్ళ ముక్క ఒకటి నేరుగా ఆనేది. ఉక్కు మీద ఉక్కు ఒరుసుకుంటూ జారడమే, అందుకే చేతులు నొప్పి పుట్టేవి. మిషిగన్‌లోని సాగినా ఊళ్ళో జనరల్ మోటార్స్‌కి స్టీరింగుల కర్మాగారం ఉండేది. 1940లో క్యాడిలాక్ కార్లకు వాళ్ళు కొత్త పెట్టె బిగించారు. మర చుట్ల కడ్డీ మీద ఒక పెద్ద నట్టు, రెంటి గాడుల మధ్య ఉక్కు బాల్స్. కడ్డీ తిరిగితే బాల్స్ దొర్లుతూ నట్టును ముందుకో వెనక్కో నడుపుతాయి. గాడి చివరికి చేరిన బాల్ చిన్న గొట్టంలోంచి మళ్ళీ మొదటికొస్తుంది. నట్టు బయటి వైపు పళ్ళు ఇంకో పళ్ళ ముక్కను తిప్పితే, దాని ఇరుసుకున్న పిట్‌మన్ ఆర్మ్ ఊగుతుంది. యుద్ధం రాగానే ఆ కర్మాగారం మెషిన్‌గన్నుల తయారీకి మళ్ళింది. యుద్ధం ముగిశాక ఈ బాల్స్ పెట్టె అమెరికా రోడ్లన్నీ ఆక్రమించింది. మన లారీల కింద ఇవాళ్టికీ ఉన్నది దీని తోబుట్టువే.

సైకిల్ షాపులో హబ్బు విప్పడం చూసినవాళ్ళకు ఈ పెట్టె విప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సైకిల్ మెకానిక్కు ముందే కిరసనాయిలు చిప్ప కింద పెట్టుకుంటాడు. కొత్తగా మస్టాంగ్ పెట్టె విప్పినవాడికి ఆ బుద్ధి పుట్టదు. నట్టు ఒక్కసారి కడ్డీ మీంచి జారితే డజన్ల కొద్దీ బాల్స్ గచ్చు మీద పడి బల్ల కిందికీ బీరువా కిందికీ పరుగెడతాయి. ఒక్కటి దొరక్కపోయినా పని అక్కడితో ఆగినట్టే.

దీనికన్నా పెద్ద ఉచ్చు పెట్టె మూత మీదే ఉంది. చిన్న మర, దాని చుట్టూ లాక్ నట్టు. బిగిస్తే పళ్ళు దగ్గరకు జరుగుతాయి, ప్లే తగ్గుతుంది. అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. దాన్ని చూసి ఊరుకోగలిగినవాడు ఋషి. కానీ కారు జీవితమంతా ఎక్కువగా నడిచేది తిన్నగానే కదా, పళ్ళు అరిగేదీ నడిమధ్యనే. నడుమ లూజు పోయేదాకా మర బిగిస్తే, అరగని చివరి పళ్ళు మలుపుల్లో ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. మలుపు తిరిగిన స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. పద్ధతైతే ముందు పెట్టె చివరి బేరింగుల బిగువు సరిచూడాలి, తరవాతే పై మర, అదీ స్టీరింగు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు. ఇప్పుడు దొరికే పెట్టెల్లో చాలా వాటి మర మీద స్క్రూడ్రైవరు గాట్లు కనిపిస్తాయి. పాత యజమానులు ఒక్కొక్కరూ తలా పావు చుట్టు బిగించిపోయిన గుర్తులవి.

పవర్ స్టీరింగ్ ఉన్న మస్టాంగ్‌ది మరో గొడవ. దాని మూలపురుషుడు ఫ్రాన్సిస్ డేవిస్. బఫలో నగరంలో పియర్స్-యారో కంపెనీ ట్రక్కుల విభాగంలో ఇంజనీరుగా ఉండి, బరువైన బళ్ళు తిప్పలేక డ్రైవర్లు పడే యాతన చూసినవాడు. ఉద్యోగం మానేసి మసాచుసెట్స్‌లోని వాల్తామ్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. అప్పటి హైడ్రాలిక్ ప్రెస్సుల్లో వాల్వు మూసి ఉండేది, నూనె ఎప్పుడూ ఒత్తిడిలో ఉండి ఎక్కడో అక్కడ కారేది. డేవిస్ ఆ పద్ధతిని తిరగేశాడు. వాల్వు మామూలుగా తెరిచే ఉంటుంది, పంపు నెట్టిన నూనె పారే కాలవలా ఊరికే చుట్టూ తిరిగొస్తుంది. స్టీరింగు తిప్పినప్పుడే వాల్వు ఒక దారిని ఇరుకు చేస్తుంది. కాలవకు షట్టరు దించితే ఎగువన నీటిమట్టం లేచినట్టు ఒత్తిడి అప్పుడు పుట్టి, పిస్టన్‌ను తోస్తుంది.

1926 అక్టోబరులో డేవిస్ ఈ ఏర్పాటు బిగించిన కారును డెట్రాయిట్‌కు తీసుకెళ్ళి చూపించాడు. జనరల్ మోటార్స్ ఒప్పందం చేసుకుంది. మాంద్యం వచ్చి, పనిముట్ల ఖర్చు రాదని 1934లో వదిలేసింది. తరవాత బెండిక్స్ కంపెనీ, ఆపైన యుద్ధపు సాయుధ వాహనాలు. మామూలు కొనుగోలుదారుడికి పవర్ స్టీరింగ్ మొదట అందింది 1951 క్రైస్లర్ ఇంపీరియల్‌లో, అదీ గడువు తీరిన డేవిస్ పేటెంట్ల ఆధారంగా. ఆయనకు పైసా దక్కని బండే ఆయన ఊహను నిజం చేసింది.

తరవాత తరవాత ఖరీదైన కార్లలో వాల్వూ పిస్టనూ గేరుపెట్టెలోపలే ఒదిగిపోయాయి. మస్టాంగ్‌లో అలా కాదు. సుమారు 85 డాలర్లు అదనంగా ఇస్తే, సాదా స్టీరింగు ఏర్పాటుకే పంపు, గొట్టాలు, వాల్వు, తోసే సిలిండరు బయటినుంచి తగిలించేవాళ్ళు, ఉన్న ఇంటికి రేకుల వసారా దించినట్టు. గేరు నిష్పత్తిని మాత్రం 19 నుంచి 16కు దించారు. ఉన్న ఇంటికి రేకుల వసారా దించినట్టు. వాల్వు ఇంజను కింద అడ్డంగా ఉండే సెంటర్ లింకు మీద కూర్చుంటుంది. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ లింకుతో పాటు తానూ ఊగుతుంది, దాని నాలుగు గొట్టాలూ ఊగుతాయి. పక్కనే సైలెన్సర్ గొట్టం వేడి. పైన రోడ్డు దుమ్ము. కారకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి. ఎర్రటి నూనె చుక్క చుక్కగా గచ్చు మీద పడుతుంది. సీళ్ళ కిట్టు తెచ్చి మార్చడం కష్టం కాదు, కానీ సీలు ఆనే లోహం మీద గీత పడి ఉంటే కొత్త సీలు కూడా నెల తిరక్కుండానే కారుతుంది. అప్పటి కొర్వెట్‌ది కూడా ఇదే ఏర్పాటు. ఖరీదైన కారు కొన్నవాడికి కూడా గచ్చు మరకలు తప్పలేదు.

ఇంకో తమాషా. పిట్‌మన్ ఆర్మ్ కొసనున్న గుండు వాల్వును కొద్దిగా జరిపితేనే నూనె దారి మారుతుంది. అంటే ఆ కాస్త కదలిక కావాలని పెట్టింది. ఇంజను ఆపి స్టీరింగు కదిపితే చేతికి తగిలే లూజులో కొంత వాటా దానిదే. ఈ సంగతి తెలియనివాళ్ళు లేని జబ్బుకు మందు వెతుకుతూ మంచి భాగాలు కూడా మార్చేస్తారు.

ఇక విప్పడం. టై రాడ్ ఎండ్ నట్టు తీసినా కీలు ఊడిరాదు. అది సన్నగా వాలిన శంకువు ఆకారంలో అదే వాలున్న రంధ్రంలోకి దిగి ఉంటుంది, దశాబ్దాల బరువు దాన్ని మేకులా దిగ్గొట్టింది. రెండు కొమ్ముల ఉలి దూర్చి కొడితే వస్తుంది గాని దుమ్ము పడకుండా కాపాడే రబ్బరు తొడుగు చిరుగుతుంది. చేయి తిరిగినవాళ్ళు ఆ రంధ్రానికి రెండు పక్కలా రెండు సుత్తులతో ఒకేసారి కొడతారు. రంధ్రం లిప్తకాలం కోడిగుడ్డులా సాగి, శంకువు టక్కున వదులుతుంది. పిట్‌మన్ ఆర్మ్‌కు ఆ మర్యాద పనికిరాదు. ఇరుసు మీద సుత్తి పడితే ఆ దెబ్బ పెట్టెలోపలికి పోతుంది. దానికి పుల్లరే కావాలి. పుల్లరు బిగిస్తూ పోతే తుపాకి పేలినంత చప్పుడుతో అది వదిలేదాకా పని చేసేవాడి గుండె గొంతులోనే ఉంటుంది.

కొత్త భాగం తెచ్చుకున్నా పట్టకపోవచ్చు. ఆరు సిలిండర్ల కారు టై రాడ్లు వి8కు సరిపోవు. సాదా స్టీరింగు సెంటర్ లింకు పవర్ స్టీరింగుకు సరిపోదు. పెట్టె ఇరుసు మొదట అంగుళం మందం, తరవాతి మోడళ్ళలో అంగుళం మీద ఎనిమిదో వంతు, కాబట్టి పిట్‌మన్ ఆర్మ్‌లు ఒకదానికొకటి ఎక్కవు. ఐడ్లర్ ఆర్మ్‌ది మరీ సూక్ష్మమైన పగ. దాని బుష్ రబ్బరు తిరగదు, మెలి పడుతుంది. చక్రాలు ఓరగా ఉండగా దాని నట్టు బిగిస్తే రబ్బరు ఆ భంగిమనే గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరవాత కారు తిన్నగా పోతుంటే స్టీరింగును ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. అలైన్‌మెంటు షాపులవాళ్ళు ఎన్నిసార్లు కొలిచినా తప్పు దొరకదు.

అన్నిటికన్నా కష్టమైనది పెట్టెను బండిలోంచి తీయడం. పట్టి ఉన్నవి మూడే బోల్టులు. అయితే 1965, 66 మోడళ్ళలో పెట్టెలోంచి బయలుదేరిన ఇనుప కడ్డీ మధ్యలో జాయింటు లేకుండా డ్రైవరు రొమ్ము ఎదుట స్టీరింగు దాకా ఏకంగా వస్తుంది. అందుకని ముందు స్టీరింగు చక్రం ఊడదీయాలి, తరవాత కాలమ్ గొట్టం, ఇండికేటరు తీగలు. వి8 అయితే ఎగ్జాస్ట్ మానిఫోల్డు కూడా. గేర్లు చేత్తో మార్చే బండైతే క్లచ్చు కడ్డీ. చివరికి బండిని ఎత్తుగా లేపి, ఈటెలాంటి ఆ వస్తువును కిందినుంచి లాగాలి. కారణం? చిన్న ఆయిల్ సీలు.

ఈటె అన్న మాట ఊరికే అనలేదు. ఎదురుగా గుద్దుకున్నప్పుడు అలాంటి కడ్డీలు డ్రైవర్ల గుండెల్లోకి దూసుకొచ్చేవి. కార్ల భద్రత కోసం పోరాడిన రాల్ఫ్ నాడర్ 1965 నాటి పుస్తకంలో కొర్వెయిర్ కారును విమర్శిస్తూ ఈ విషయం ఎత్తిచూపాడు. 1966లో అమెరికా భద్రతా చట్టం వచ్చింది, 1967 మోడళ్ళ నుంచి గుద్దితే ముడుచుకునే కాలమ్‌లు మొదలయ్యాయి. 1966కూ 67కూ మధ్య అమెరికన్ కార్ల స్టీరింగు భాగాలు అంతగా మారిపోవడం వెనక ఈ చావుల లెక్క ఉంది.

ఇన్ని తిప్పలెందుకని కొందరు మొత్తం పీకేసి, పళ్ళ కడ్డీని చిన్న పళ్ళ చక్రం నేరుగా జరిపే ర్యాక్ అండ్ పినియన్ పెట్టేస్తారు. ఆ ఏర్పాటు ఆ రోజుల్లోనే మన అంబాసిడర్‌కు ఉండేది. మస్టాంగ్‌కు కంపెనీ తరఫున 1974లో గాని రాలేదు. పాత కారు కింద ర్యాక్ ఇరికిస్తే ప్లే తగ్గుతుంది, కానీ కొన్ని కిట్లతో చక్రాలు మునుపటంత తిరగవు. సందు మలుపులో ముందుకూ వెనక్కూ రెండు సార్లు పోవాలి. నన్నడిగితే మొదటి ఏర్పాటే నయం, దాని తిక్క ఏమిటో ముందే తెలుసు కనక.

అన్నీ బిగించాక పవర్ స్టీరింగ్ వాల్వుకు చివరి పరీక్ష ఒకటుంది. తోసే సిలిండరు రాడ్డును చట్రం నుంచి విప్పి వదిలేసి ఇంజను స్టార్టు చేస్తారు. వాల్వు సరిగ్గా మధ్యలో ఉంటే రాడ్డు ఉన్నచోటే ఉండాలి. కారు కింద వెల్లకిలా పడుకుని చూస్తుంటే అది నత్తలా బయటికి పాకుతుంది. ఇంజను ఆపి, వాల్వు టోపీ విప్పి, లోపలి నట్టును పావు చుట్టు తిప్పి, టోపీ పెట్టి మళ్ళీ స్టార్టు చేస్తారు. ఈసారి లోపలికి పాకుతుంది.