కొండ మీద బస: అడ్వాన్సు కట్టే ముందు అడగవలసినవి

వేసవికి ఊటీ, కొడైకెనాల్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే మన కుటుంబాలకు సంఘం తరఫున మేము చేసే మనవి: స్విమ్మింగ్ పూల్, హాట్ టబ్ ఫొటోలు చూసి తొందరపడి అడ్వాన్సు పంపకండి.

అవి అందరికీ ఉమ్మడివైతే అద్దెలోనే కలిశాయా, ఏ వేళల్లో తెరుస్తారు, పూల్ నీళ్లు వేడిచేస్తారా అని అడగండి. ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. వేడిచేయని చన్నీళ్లలో పిల్లలు ఎక్కువసేపు ఉండలేరు.

వేడినీటిలో క్లోరిన్ త్వరగా తగ్గి క్రిములు పెరుగుతాయి. రోజూ నీటిని పరీక్షించి రాసే రిజిస్టరు చూపించమనండి. వేడి 40 డిగ్రీలు దాటకూడదు. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు హాట్ టబ్‌లో దిగరాదు. గుండెజబ్బు, బీపీ ఉన్న పెద్దలు డాక్టరును అడిగాకే దిగాలి.

జవాబులన్నీ రాతలో తీసుకోండి. నోటిమాట రసీదు కాదు.