కారుకు ముందూ వెనకా డ్యాష్ క్యామ్ పెట్టిస్తున్నారా..? కెమెరా కంటే ముందు కరెంట్ సంగతి చూసుకోండి..!

డ్యాష్ క్యామ్ కొనడానికి షాపుకి వెళ్లినవాళ్లలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న.. "అన్నా, ఇది టూకేనా, ఫోర్‌కేనా..?" కెమెరాకు కరెంట్ ఎక్కడి నుంచి ఇస్తారు, ఏ కార్డు వేస్తారు అని అడిగేవాళ్లు తక్కువ. తీరా ప్రమాదం జరిగాక కార్డు తీసి చూస్తే ఆ రోజు వీడియో ఉండదు. సాకెట్‌లో ప్లగ్ వదులై కెమెరా ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. లేదంటే నెల కిందటే కార్డు పాడై ఉంటుంది. వేలు పోసి కొన్న కెమెరా అవసరమైన ఆ పది సెకన్లు రికార్డు చేయకపోతే అది అద్దానికి అతికించిన బొమ్మే.

కామారెడ్డి, ఎల్లారెడ్డి మధ్య తిరిగే కార్లకు ఈ విషయం మరింత ముఖ్యం. ఎందుకంటే ఇక్కడ ఒకే రోజులో రెండు రకాల రోడ్లు ఎక్కాల్సి వస్తుంది. కామారెడ్డి పక్క నుంచి పోయే 44వ నంబర్ జాతీయ రహదారిపై బండ్లు వేగంగా వెళ్తాయి.. అక్కడ భయం వెనక నుంచి వచ్చే లారీతో, ఉన్నట్టుండి లేన్ మారే కారుతో. లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లే దారి వేరు. చాలావరకు డివైడర్ లేని రోడ్డు. ఎదురుగా వచ్చే బండి, వెనక లైటు లేని ట్రాక్టర్, కోతల సీజన్‌లో రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు, మక్కలు.. అన్నీ ముందు నుంచే. 2022 మే 8న ఎల్లారెడ్డి దగ్గర హసన్‌పల్లి గేటు వద్ద లారీ, ట్రాలీ ఆటో ఢీకొని తొమ్మిది మంది చనిపోయిన సంగతి ఈ ప్రాంతం ఇంకా మర్చిపోలేదు.

నంబర్ దొరికితే ఒక లెక్క.. దొరక్కపోతే ఇంకో లెక్క

డ్యాష్ క్యామ్ ప్రమాదాన్ని ఆపదు. జరిగిన తర్వాత ఏం జరిగిందో చెబుతుంది. అదెంత తేడా తెస్తుందో హిట్ అండ్ రన్ కేసుల్లో తెలుస్తుంది. గుద్దిన బండి ఏదో తెలియకపోతే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద వచ్చే పరిహారమే దిక్కు. 2022 ఏప్రిల్ 1 నుంచి అది మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. బండి నంబర్ దొరికితే మాత్రం దాని ఇన్సూరెన్స్ కంపెనీ మీద ట్రైబ్యునల్‌లో కేసు వేయొచ్చు. అక్కడ చనిపోయిన మనిషి వయసు, సంపాదన, ఆధారపడిన వాళ్ల సంఖ్య చూసి పరిహారం లెక్క కడతారు. అంటే ఒక నంబర్ ప్లేటు మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడొచ్చన్నమాట.

ముందు కెమెరాకే ఎక్కువ పెట్టండి

బడ్జెట్ తక్కువైతే ముందు కెమెరా మంచిది తీసుకుని, వెనకది మామూలుది తీసుకున్నా నష్టం లేదు. పగటిపూట 1080పీ కెమెరా కూడా పక్కనే పోయే బండి నంబర్ చూపిస్తుంది. కష్టమంతా రాత్రే. ఎదుటి బండి హైబీమ్ లైట్ల వెలుగులో నంబర్ ప్లేటు తెల్లగా కలిసిపోతుంది. ఇక్కడ పనికొచ్చేది మెగాపిక్సెల్స్ లెక్క కాదు, సెన్సర్. సోనీ స్టార్విస్ 2 సెన్సర్, హెచ్‌డీఆర్ ఉన్న కెమెరాలు చీకట్లో కాస్త మెరుగు. అయినా ఎదురెదురుగా వేగంగా దాటిపోయే బండి నంబర్ రాత్రిపూట ఫోర్‌కే కెమెరాకు కూడా చాలాసార్లు చిక్కదు. అందుకే ఒక చిన్న చిట్కా.. కెమెరాలో మైక్ ఆన్‌లో ఉంచి, కంటికి కనిపించిన నంబర్‌ను వెంటనే గట్టిగా చదివేయాలి. వీడియోలో అంకెలు అలుక్కుపోయినా ఆడియోలో నంబర్ ఉంటుంది. అయితే కారులో మాటలన్నీ రికార్డవుతాయి కాబట్టి కిరాయికి తిప్పే బండి అయితే ఎక్కినవాళ్లకు ఆ విషయం చెప్పడం మర్యాద.

'డ్యూయల్' అనే మాట దగ్గర చాలామంది మోసపోతున్నారు. కొన్ని డ్యూయల్ కెమెరాల్లో రెండోది కారు లోపలి వైపు చూస్తుంది, వెనక రోడ్డు వైపు కాదు. హ్యుందాయ్ ఎక్స్‌టర్‌లో కంపెనీయే ఇచ్చే డ్యాష్ క్యామ్ ఇలాంటిదే.. ఒకటి ముందుకి, ఒకటి క్యాబిన్‌లోకి. ట్యాక్సీ వాళ్లకు క్యాబిన్ కెమెరా పనికొస్తుంది. సొంత కారుకు కావాల్సింది వెనక అద్దానికి పెట్టే కెమెరా. కొనేముందు బాక్స్ మీద ఏం రాసుందో చదువుకోవాలి.

వెనక కెమెరా వైరు పొడవు కూడా అడగాలి. స్విఫ్ట్ లాంటి చిన్న కారుకు సరిపోయిన వైరు ఎర్టిగాకో, ఇన్నోవాకో చాలదు. రూఫ్ లైనింగ్ లోపల నుంచి తిప్పి తేవాలి కాబట్టి కారు పొడవు కంటే ఎక్కువే పడుతుంది. వెనక అద్దానికి డీఫాగర్ గీతలుంటే వాటి మీద కెమెరా అతికించొద్దు.. తీసేటప్పుడు గీత ఊడొస్తుంది. ముదురు ఫిల్మ్ వేసిన అద్దం వెనక కెమెరా పెడితే రాత్రి ఏమీ కనబడదు.

ఇక ఎండ. మే నెలలో కామారెడ్డిలో బయట 42, 43 డిగ్రీలున్నప్పుడు, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో 60 దాటుతుంది. లోపల లిథియం బ్యాటరీ ఉన్న కెమెరాలు ఆ వేడికి ఉబ్బిపోతాయి. సూపర్ కెపాసిటర్ ఉన్న కెమెరా అడిగి తీసుకోవాలి. ఇది మన వాతావరణానికి మెగాపిక్సెల్స్ కంటే పెద్ద విషయం.

అసలు కథ కరెంట్ దగ్గరే..

కెమెరాకు కరెంట్ ఇచ్చే దారులు మూడు. అందరూ చేసేది సిగరెట్ లైటర్ సాకెట్‌లో ప్లగ్ పెట్టడం. కారు నడుస్తున్నప్పుడు మాత్రమే రికార్డు చాలనుకునేవాళ్లకు ఇదే మంచిది, వైర్లు తెంపే పని లేదు. కెమెరాతో వచ్చిన చార్జర్‌నే వాడాలి. స్టీరియో పక్కనుండే యూఎస్‌బీ పోర్టులో పెడితే చాలా కార్లలో కరెంట్ చాలక కెమెరా ఆగుతూ, మళ్లీ ఆన్ అవుతూ ఉంటుంది. తాళం తీశాక కూడా సాకెట్‌లో కరెంట్ వస్తుందేమో ఒకసారి చూసుకోవాలి. కొన్ని కార్లలో వస్తుంది, అప్పుడు రాత్రంతా కెమెరా నడుస్తూనే ఉంటుంది.

రెండోది ఓబీడీ పోర్టు నుంచి తీసే కేబుల్. పెట్టడం తేలిక. కానీ సర్వీసింగ్‌లో ఆ పోర్టు వాళ్లకు కావాలి, కొత్త కార్లలో ఎర్రర్లు చూపించే అవకాశమూ ఉంది. వేరే దారి ఉంటే దీని జోలికి వెళ్లకపోవడమే మేలు.

మూడోది హార్డ్‌వైర్ కిట్. కారు ఆపి తాళం వేసుకుని వెళ్లాక కూడా ఎవరైనా గుద్దితే రికార్డు కావాలంటే ఇదే కావాలి. కిట్‌లో మూడు వైర్లుంటాయి. ఒకటి ఎప్పుడూ కరెంట్ ఉండే ఫ్యూజ్‌కి, ఇంకోటి తాళం తిప్పితేనే కరెంట్ వచ్చే ఫ్యూజ్‌కి, మూడోది బాడీ ఇనుముకు ఎర్త్. మొదటి రెండూ తారుమారైతే పార్కింగ్ రికార్డింగ్ పనిచేయదు. షాపులో పని అయిపోయాక అక్కడే తాళం తీసి, డోర్లు వేసి, అరగంట ఆగి చూడాలి. ఎందుకు అరగంట అంటే.. కొత్త కార్లలో కొన్ని సర్క్యూట్లు తాళం తీసిన కొన్ని నిమిషాలకు వాటంతట అవే నిద్రపోతాయి. మెకానిక్ అప్పటికప్పుడు టెస్టర్ పెట్టి చూస్తే కరెంట్ ఉన్నట్టే ఉంటుంది, ఇంటికెళ్లాక ఉండదు.

వైరు తొక్క తీసి, మెలేసి, టేపు చుట్టే పనికి మాత్రం ఒప్పుకోవద్దు. కారు వారంటీకి ఇబ్బంది, షార్ట్ అయితే నిప్పు భయం. ఫ్యూజ్ ట్యాప్ అని చిన్న ముక్క దొరుకుతుంది. పాత ఫ్యూజ్ తీసిన చోట దీన్ని గుచ్చి, పాత ఫ్యూజ్‌ని దీంట్లోనే ఒక గదిలో, కెమెరా కోసం చిన్న ఫ్యూజ్‌ని రెండో గదిలో పెడతారు. సైజు కారుని బట్టి మారుతుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంట్రోల్, ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్‌లను ముట్టుకోకూడదు. ఏ ఫ్యూజ్ దేనిదో కారు మాన్యువల్‌లో ఉంటుంది.

బ్యాటరీ లెక్క ఇలా ఉంటుంది. రెండు కెమెరాలు కలిసి నడిస్తే కారు బ్యాటరీ నుంచి సుమారు 0.4 ఆంపియర్లు లాగుతాయనుకుందాం. పన్నెండు గంటల రాత్రికి దాదాపు 5 ఆంపియర్ అవర్లు. చిన్న కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. ఒక్క రాత్రికి ఫర్వాలేదు. పెళ్లికో పండక్కో ఎల్లారెడ్డి వెళ్లి కారును రెండు రోజులు కదల్చకపోతే 19 దాకా పోతుంది, అంటే సగానికి పైనే. మూడేళ్ల పాత బ్యాటరీ అయితే మూడో రోజు పొద్దున సెల్ఫ్ కొట్టదు. ఊళ్లోనే రోజుకు నాలుగు కిలోమీటర్లు తిప్పేవాళ్లకైతే ఇంకా తొందరగా వస్తుంది ఈ తిప్పలు. ఖర్చైన కరెంట్ ఆ కాస్త దూరంలో తిరిగి ఎక్కదు.

దీనికోసమే కిట్‌లో కటాఫ్ ఉంటుంది. బ్యాటరీ ఫలానా వోల్టేజీకి పడిపోగానే కెమెరా ఆగిపోతుంది. ఆగి ఉన్న కారులో నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం. 11.8 అంటే దాదాపు ఖాళీ. ఎక్కువసేపు రికార్డు అవుతుంది కదా అని 11.6 సెట్టింగ్‌లో వదిలేయడం తప్పు.. అక్కడికి చేరేసరికి బండి స్టార్ట్ కాదు. 12.2 పెట్టుకోవడం మంచిది, పాత బ్యాటరీకి 12.4. టైమ్‌ల్యాప్స్ మోడ్‌తో కార్డులో చోటు మిగులుతుంది కానీ బ్యాటరీ పెద్దగా మిగలదు, కెమెరా మేలుకునే ఉంటుంది కాబట్టి. దెబ్బ తగిలితేనే లేచే మోడ్ చాలా తక్కువ తాగుతుంది. ఇంటి గేటు లోపల పెట్టే కారుకు అసలు ఇదంతా అవసరమా అని కూడా ఆలోచించుకోవాలి. ఎలక్ట్రిక్ కారైతే ఈ బాధ లేదనుకోవద్దు, అందులోనూ కెమెరా నడిచేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీదే.

వైరు విషయంలో ప్రాణం మీదికొచ్చే తప్పు ఒకటుంది. ముందు అద్దం పక్కన ఉండే పిల్లర్ లోపల చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. వైరును దాని మీద నుంచి లాగితే, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు అడ్డుపడుతుంది. వైరు ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచే పోవాలి. ఆరు ఎయిర్‌బ్యాగులున్న కారైతే ఈ ఒక్క ప్రశ్నా మెకానిక్‌ని అడగండి. "అదేం కాదు సార్" అంటే ఇంకో షాపు చూసుకోవచ్చు.

కార్డు ఫోన్‌ది వేయొద్దు

డ్యాష్ క్యామ్ కార్డు మీద రోజంతా రాస్తూ, చెరుపుతూ ఉంటుంది. ఫోన్‌కి వాడే మామూలు మెమరీ కార్డు దీనికి తట్టుకోదు. 'హై ఎండ్యూరెన్స్' అని రాసున్న కార్డు కొనాలి. రెండు కెమెరాలకు గంటకు 14 జీబీ పడుతుందనుకుంటే 64 జీబీ కార్డులో నాలుగు గంటలే ఉంటుంది. కామారెడ్డి నుంచి హైదరాబాద్ పోయి వస్తే పొద్దుటి వీడియో చెరిగిపోతుంది. 128 తీసుకోవడమే నయం. దెబ్బ తగిలినప్పుడు వీడియోను లాక్ చేసే జీ సెన్సర్‌ను 'లో'లో పెట్టుకోవాలి. 'హై'లో ఉంటే ప్రతి గుంతకూ, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ ఒక ఫైల్ లాక్ అవుతుంది, ఊరు చేరేలోపు కార్డు నిండిపోతుంది. తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. జీపీఎస్ ఉన్న మోడల్ అయితే టైమ్ అదే సరిచేసుకుంటుంది.

ప్రమాదం జరిగాక ఏం చేయాలి..?

ముందు గాయపడ్డవాళ్లను చూడాలి, 108కి ఫోన్ చేయాలి. ఆ తర్వాత కెమెరా కరెంట్ తీసేసి, ఆగిపోయాక కార్డు బయటకు తీయాలి. అలాగే వదిలేస్తే కొత్త వీడియో పాతదాని మీద రాసుకుంటూ పోతుంది. ఆ కార్డును మళ్లీ వాడొద్దు, కాపీ మాత్రం తీసి పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో పంపితే వీడియో సైజు తగ్గి నంబర్ కనబడకుండా పోతుంది, పైగా కోర్టులో అది అసలుది కాదన్న వాదన వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైల్ హ్యాష్ విలువ కూడా రాయాలి. వీడియోను కత్తిరించినా, పాట కలిపినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి కార్డును పోలీసులకు ఇచ్చేటప్పుడు రసీదు తీసుకుని, సర్టిఫికెట్ పని లాయర్‌తో చేయించుకోవాలి. ఇన్‌స్టాలో పెట్టే సంగతి కేసు తేలాక చూసుకోవచ్చు.