విడాకుల నడుమ బిడ్డలు

అమీర్‌పేట, పంజాగుట్టలు నేటి హైదరాబాదు నగరమున మిక్కిలి సందడిగల ప్రాంతములు. మైత్రీవనము చుట్టును శిక్షణాలయములు, వసతిగృహములు, రెండు మెట్రో మార్గములు కలియు స్టేషను, సందులలో అద్దెవాటాలు. జిల్లాలనుండి జీవనార్థము వచ్చి యిచట కాపురము పెట్టిన దంపతులలో పెక్కురకు చెంత పెద్దలుండరు. తగవు పుట్టినపుడు ఇరువురకును నచ్చజెప్పువారు కరవు. రాత్రి కేకలు విని పక్కపై మేల్కొనియుండు బిడ్డయే దానికి సాక్షి.

విడాకులను నిందించుట మా యుద్దేశము కాదు. హిందూ దంపతులకు మద్రాసు రాష్ట్రమున 1949లోను, దేశమున 1955లోను శాసనము ఈ హక్కు నొసగినది. 1976 నాటి సవరణము పరస్పరాంగీకారమున విడిపోవు మార్గమును చూపినది. దెబ్బలు తినుచు పడియుండుమని యే యాడుబిడ్డకును చెప్పరాదు. మా ప్రశ్న యొక్కటే: విడిపోవు విధమున బిడ్డ గతి యేమి?

అమెరికాలో ఆమటో, కీత్ అను పండితులు 92 పరిశోధనలను క్రోడీకరించి 1991లో ఒక వ్యాసము ప్రకటించిరి. తల్లిదండ్రులు విడిపోయిన బిడ్డలు చదువునందును, నడవడియందును, మనస్స్వస్థతయందును కొంత వెనుకబడిరి. ఐనను ఆ భేదము సగటున స్వల్పమే. విడిపోకయే నిత్యము కలహించుకొను తల్లిదండ్రుల బిడ్డల స్థితి అంతకంటె హీనముగా నుండెను. తీర్పుకంటె తగవే బిడ్డకు ఎక్కువ చేటని దీనివలన తెలియుచున్నది.

మనస్సు కలగిన దేహమును కలగును. కడుపునొప్పి, తలనొప్పి, నిద్రలేమి, ఆకలి మందగించుట, మానిన పక్కతడుపుట మరల వచ్చుట – ఇవి భయపడిన బిడ్డ చెప్పలేని మాటలు. తనవలననే తండ్రియో తల్లియో వెడలిపోయెనని పసివాడు తలచును. ఎదిగినవాడు మౌనము వహించును, లేదా కోపమున చదువు చెడగొట్టుకొనును.

మైనరు క్షేమమే సర్వప్రధానమని 1956 నాటి శాసనము నిర్దేశించినది. ఐదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లికడ నుండవలెనని యందే కలదు. తల్లిదండ్రు లుభయులును కలసి సంరక్షించు పద్ధతిని లా కమిషను 2015లో సిఫారసు చేసినది. కాని శాసనము ఇంటిలోనికి వచ్చి మాటలను అదుపు చేయజాలదు. అది తల్లిదండ్రుల పని. బిడ్డచేత కబుర్లు మోయింపరాదు, ఎవరిపక్షమని యడుగరాదు, చూడవచ్చు దినములను తప్పరాదు, ఖర్చు పైకమును ఆపి పగ తీర్చుకొనరాదు, వీలున్నంతవఱకు పాఠశాలను మార్పరాదు.

గ్రామములందలి పెద్దలకును ఒక మాట. మనుమలను తెచ్చి పెంచుట మంచిదే. కాని "మీ తండ్రి యిట్టివాడు, మీ తల్లి యట్టిది" యని దినదినము నూరిపోయుట పెట్టెడు అన్నములో విషము కలుపుటయే. బిడ్డలో మార్పు కనిపించినచో సిగ్గుపడక వైద్యుని చూపవలెను. 14416 సంఖ్యకు ఫోను చేసిన ప్రభుత్వపు మానసిక సలహాదారులు ఉచితముగా మాటాడుదురు.

దాంపత్యము కోర్టులో ముగియవచ్చును. బిడ్డయెడ నున్న ఋణము ఏ కోర్టులోను తీరదు.