గేరుబాక్సు విప్పించే ముందు

కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1958 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడర్లు ఇప్పటికీ అక్కడక్కడ యిండ్ల ముందు కనబడుతూనే ఉన్నాయి. వయసు మీరిన బండ్లకు ఒక చిత్రమైన జబ్బు వస్తుంది. ఈనాడు గేరు ఊడుతుంది. రేపు మెకానిక్కు దగ్గరకు తీసుకుపోతే ఏమీ ఎరుగనట్టు నడుస్తుంది. అంతమాత్రాన గేరుబాక్సు విప్పించి చేతి చమురు వదుల్చుకోవద్దని మా మనవి.

జబ్బు ఎప్పుడెప్పుడు కనబడుతున్నదో వారం రోజులు ఒక కాగితం మీద రాసుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను హోరు పెరిగినా బండి వేగం పెరగకపోతే జారుతున్నది క్లచ్చి. ఆగి ఉన్న బండికి గేరు వేయబోతే కరకరమన్నదా, క్లచ్చి పూర్తిగా విడవడం లేదేమో చూడాలి. యాక్సిలరేటరు నొక్కినప్పుడో వదిలినప్పుడో గేరు ఊడుతుంటే, ఇంజనునూ గేరుబాక్సునూ మోసే రబ్బరు దిమ్మలు చిరిగి ఉండవచ్చు. స్టీరింగు పక్కనే గేరు రాడ్డు ఉన్న పాత బండ్లలో కింది కడ్డీల కీళ్లు అరిగినా గేరు సగమే పడుతుంది. గేరుబాక్సులో నూనె మట్టం కూడా చూడాలి. ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే లోపలి పళ్లను అనుమానించడం న్యాయం.

అయితే ఉపేక్ష మాత్రం తగదు. ఏర్కాడు వంటి కొండదారిలో దిగుతుండగా గేరు ఊడితే ఇంజను పట్టు తప్పి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కారణం తేలేవరకు పిల్లాపాపలతో కొండ ప్రయాణాలు మానుకోవడమే క్షేమం.